డెబ్బై రెండు ఎర్రచుక్కలు

నోటి లోపల 72 చోట్లు. ఒక్కో చోట 10 సెకన్లు. పెన్ను లాంటి ప్రోబ్ కొసన సన్నటి ఎర్రవెలుగు. దాన్ని బుగ్గ లోపలి పొరకు ఆనించి, లెక్క పూర్తయ్యేదాకా చెయ్యి కదలకుండా పట్టుకోవాలి. తీసి, కాస్త పక్కన మళ్లీ ఆనించాలి. అంతా కలిపి 720 సెకన్లు, అంటే 12 నిమిషాలు. వారానికి 5 రోజుల చొప్పున, రేడియేషన్ ఎన్ని వారాలు నడిస్తే అన్ని వారాలూ ఇదే పని. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అక్కడి జాతీయ కేన్సర్ సంస్థలో, తల, మెడ కేన్సర్‌కు రేడియేషనూ కీమో కలిపి తీసుకుంటున్నవాళ్లకు నోటిపూత ముదరకుండా ఆపడానికి అనుసరించిన పద్ధతి ఇది. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. వెలుగు అందినవాళ్లలో తీవ్రమైన నోటిపూత 6.4 శాతం మందికి వచ్చింది. ఉత్తుత్తిగా ప్రోబ్ ఆనించినవాళ్లలో 40.5 శాతం మందికి వచ్చింది.

ఈ అంకెలు చూడగానే లేజర్ మహిమ అనిపిస్తుంది. కానీ ఆ లేజర్ బలం ఎంతని? 100 మిల్లీవాట్లు. ఇంట్లో పెట్టుకునే చిన్న ఎల్‌ఈడీ బల్బు కూడా దానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అది కోయదు, కాల్చదు, చర్మానికి వెచ్చగా కూడా తగలదు. అంత బలహీనమైన వెలుగు చేత అంత పని చేయించిన మనుషుల లెక్క, వాళ్ల చేతి ఓపిక నాకు అబ్బురంగా తోచాయి. ఆ 72 ఎక్కడివి, ఆ 10 సెకన్లు ఎవరు తేల్చారు, ఎరుపే ఎందుకు అన్నవి ఒక్కొక్కటే విప్పి చూడదగ్గవి.

ముందు నోటి సంగతి. మన వార్డుల్లో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 6, 7 వారాల్లో 60 నుంచి 70 గ్రే దాకా పెడతారు. మొదటి వారం పెద్దగా ఏమీ తెలియదు. రెండో వారం చివరికి నోరు ఎర్రబడి కారం తగలనివ్వదు. మూడు, నాలుగు వారాలకు నోరు పుండై, మీద తెల్లటి పొర కడుతుంది. అక్కణ్నుంచి అన్నం పోయి జావ మిగులుతుంది. జావ కూడా దిగనప్పుడు ముక్కులోంచి పైపు వేస్తారు. ఈ బాధను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 0 నుంచి 4 దాకా మెట్లు పెట్టింది. పుండ్లున్నా గట్టి తిండి తినగలిగితే 2వ మెట్టు. నీళ్లలాంటివే మింగగలిగితే 3. నోటితో ఏదీ లోపలికి పోకపోతే 4. డాక్టర్ల కొలమానాల్లో ఇంత ఇంటి భాషలో ఉన్నది అరుదు. ‘ఈ పూట ఏం తిన్నాడు’ అని మంచం పక్కన కూర్చున్న భార్య అడిగే ప్రశ్నే ఇందులో కొలబద్ద.

ఇందులో నొప్పి ఒక్కటే కాదు నష్టం. నోరు తట్టుకోలేక నాలుగు రోజులు కరెంటు ఆపితే, ఆ నాలుగు రోజులూ కేన్సర్ కణాలకు తేరుకునే వ్యవధి. తల, మెడ కేన్సర్లలో చికిత్స సాగిన ప్రతి అదనపు రోజుకూ కణితి అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు 1 శాతం తగ్గుతుందని రేడియేషన్ వైద్యుల అంచనా. కాబట్టి నోటిని కాపాడడం చికిత్సను కాపాడడం కూడా.

పుండు పైకి కనిపించేది మూడో వారంలో. అది పుట్టేది మాత్రం మొదటి రోజే. అమెరికాలో స్టీఫెన్ సోనిస్ 2004లో ఈ క్రమాన్ని అయిదు దశలుగా విడదీసి చెప్పాడు. నోటి పొర అడుగున పునాది కణాలుంటాయి. అవి విభజన చెందుతూ, ఒకటి రెండు వారాల్లో పై పొరనంతా కొత్తగా మార్చేస్తుంటాయి. రేడియేషన్ తగిలిన క్షణాల్లోనే ఆ కణాల్లో చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఇది మొదటి దశ. తర్వాత వాపును రేపే రసాయన సంకేతాలు మేలుకుంటాయి. అవి ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఇంత జరుగుతున్నా అద్దంలో చూసుకుంటే నోరు మామూలుగానే ఉంటుంది. పుండు నాలుగో దశ, మానడం అయిదోది. ఈ చిత్రం అర్థమయ్యాక, పుండు పడ్డాక మందు రాయడం ఎంత ఆలస్యపు పనో తెలిసిపోతుంది. వెలుగు పెట్టేవాళ్లు అందుకే రేడియేషన్ మొదటి రోజే మొదలుపెడతారు. చాలాచోట్ల ఆ రోజు కరెంటు పెట్టడానికి ముందే పెడతారు. ఏ గాయమూ లేని, గులాబీ రంగులో నిగనిగలాడే నోట్లో 12 నిమిషాలు ప్రోబ్ పట్టుకుని కూర్చోవడం చూసేవాళ్లకు వృథా శ్రమలా అనిపించవచ్చు. ఈ పనితనంలో మొదటి మెలకువ అక్కడే ఉంది.

ఎక్కడ ఆనించాలన్నది రెండో మెలకువ. నోరంతా ఒకే తీరు పొర కాదు. చిగుళ్లు, గట్టి అంగిలి, నాలుక పైభాగం నమలడంలో రాపిడికి తట్టుకోవాల్సినవి. వాటి మీద గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థం పరిచి ఉంటుంది. పెదవుల లోపలి వైపు, బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక అడుగు, నోటి నేల, మెత్తని అంగిలి మాత్రం కప్పు లేని మెత్తటి చోట్లు. నోటిపూత ప్రధానంగా వీటి మీదే పడుతుంది. పెద్దవాళ్ల నోటి లోపలి వైశాల్యం పళ్లతో కలిపి సుమారు 215 చదరపు సెంటీమీటర్లు; అందులో మెత్తటి పొర వాటా 30 శాతం, అంటే దాదాపు 65 చదరపు సెంటీమీటర్లు. రియోలో వాడిన ప్రోబ్ కొస వైశాల్యం 0.24 చదరపు సెంటీమీటర్లు. 72 చుక్కలూ కలిపితే 17 పైచిలుకు. మెత్తటి పొరలో నాలుగో వంతు మీదే నేరుగా వెలుగు పడుతుందన్నమాట. మిగతా చోటు సంగతేమిటి? కణజాలంలోకి దిగిన వెలుగు తిన్నగా పోదు, చెదిరి పక్కలకు పరుచుకుంటుంది. ఒక చుక్క అంచు ఇంకో చుక్క అంచును అందుకునేలా ఎడం పాటించాలి. వరినాట్లు వేసే కూలీలు టేపు పట్టుకోకుండానే కుదురుకూ కుదురుకూ మధ్య జానెడు ఎడం వదులుకుంటూ వెనక్కి నడుస్తారు. ఇక్కడా ఆ చేతివాటమే, మడి మాత్రం అరచేతి కన్నా చిన్నది, పైగా తడిగా కదులుతూ ఉంటుంది.

గట్టి అంగిలి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, వైద్య ప్రపంచానికి బాగా తెలిసినదే. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద వచ్చే కేన్సర్‌ను విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటి నుంచే పరిశీలించి రాశారు. అంటే నోటిపూత వదిలిపెట్టే చోటినే అడ్డపొగ పట్టుకుంటుంది. అలాంటి రోగికి కణితి ఉన్నది అంగిలి మీద, పుండ్లు పడబోయేది బుగ్గల్లో, నాలుక పక్కల్లో. వెలుగు పెట్టే చెయ్యి రెంటినీ వేరుగా గుర్తుంచుకోవాలి. కణితి ఉన్న చోటికి ప్రోబ్ పోనివ్వకపోవడం ఈ పనిలో పాటించే జాగ్రత్త. దాని కారణం తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఎరుపు సంగతి. ఇది ఒక విఫలప్రయోగం కడుపున పుట్టింది. 1960లో కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ రూబీ స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించాడు. కొన్నేళ్లకే దాంతో కణితులను కాల్చవచ్చునా అని అక్కడక్కడ ప్రయత్నాలు మొదలయ్యాయి. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సెమ్మెల్‌వైస్ వైద్య విశ్వవిద్యాలయంలో ఎంద్రె మెస్తర్ అనే సర్జన్, లేజర్‌కూ కేన్సర్‌కూ ఉన్న సంబంధం చూడాలని 1960ల చివర్లో ఎలుకల వీపులు గొరిగి వాటి మీద రూబీ కాంతి పెట్టాడు. ఆయన చేతిలో ఉన్న లేజర్ బలం తక్కువది. కేన్సర్ విషయంలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. గొరిగిన చోట మాత్రం వెలుగు పడిన ఎలుకలకు తక్కినవాటికన్నా ముందు వెంట్రుకలు మొలిచాయి. అనుకున్నది జరగలేదని ఆ ఎలుకలను పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. మెస్తర్ వెంట్రుకల గురించే పత్రం రాశాడు, ఆ తర్వాత మానని పుండ్ల మీదికి ఆ వెలుగును తిప్పాడు. ఆయన లేజర్ ఇంకాస్త బలమైనదైతే తోలు కాలి ఉండేది, ఈ వైద్యం ఇంకెప్పటికో గాని దొరికేది కాదు.

ఎరుపుకు పట్టం కట్టిన కారణం రక్తంలో ఉంది. నీలం, ఆకుపచ్చ కాంతులను హిమోగ్లోబిన్ పైపైనే తాగేస్తుంది. పరారుణంలో బాగా దూరం పోతే కణజాలంలోని నీరు తాగేస్తుంది. నడుమ, 600 నుంచి 1,000 నానోమీటర్ల దాకా ఉన్న మేరలో కాంతికి దారి దొరుకుతుంది. బుగ్గ లోపలి పైపొర మందం అర మిల్లీమీటరు. పునాది కణాలు దాని అడుగున ఉంటాయి. 630, 660 నానోమీటర్ల ఎరుపు అంత లోతుకు సునాయాసంగా చేరుతుంది. చేరి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు రష్యా శాస్త్రవేత్త తీనా కారు పరిశోధనల నుంచి వచ్చింది. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. దానిలోని రాగి, ఇనుము ఉన్న భాగాలు ఎరుపునూ దగ్గరి పరారుణాన్నీ పట్టుకుంటాయి. దెబ్బతిన్న కణంలో ఈ ఎంజైమ్‌కు నైట్రిక్ ఆక్సైడ్ అడ్డుపడి ఊపిరాడనివ్వదని, వెలుగు తగిలితే అది ఊడిపోయి శక్తి తయారీ మళ్లీ ఊపందుకుంటుందని ఒక వాదన. దీన్ని ప్రశ్నించేవాళ్లూ ఉన్నారు. కణంలో కాంతిని పట్టే చోట్లు ఇంకా ఉన్నాయంటారు. మెకానిజం మీద వాదం నడుస్తుండగానే ఫలితం మీద రోగుల పరీక్షలు ముందుకు సాగాయి. వైద్య చరిత్రలో ఇది కొత్త కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం మోతాదుది. మందు ఎక్కువైతే విషమవుతుందని అందరికీ తెలుసు. ఈ వెలుగు ఎక్కువైతే పనిచేయడం మానేస్తుంది, ఇంకా ఎక్కువైతే మానే గాయాన్ని మానకుండా ఆపుతుంది. కణాల మీద పరీక్షించినప్పుడు ఇది పదే పదే కనబడింది: ఒక హద్దు దాకా చురుకు పెరుగుతుంది, శిఖరం దాటాక తగ్గుతుంది. కాబట్టి శ్రద్ధ ఎక్కువై ఇంకో పది సెకన్లు పట్టుకుంటే మేలు జరగదు. మన ఇళ్లలో ‘ఇంకాస్త వెయ్యి’ అనే ప్రేమకు ఇక్కడ చోటు లేదు.

ఈ హద్దును ఎవరెలా పట్టుకున్నారో చూడండి. కర్ణాటకలోని మణిపాల్‌లో, కస్తూర్బా వైద్య కళాశాల ఆస్పత్రిలో 221 మంది రోగులతో జరిపిన పరీక్ష 2012లో వెలువడింది. వాళ్లు వాడింది హీలియం-నియాన్ వాయువుల పాతకాలపు లేజర్, 632.8 నానోమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 24 మిల్లీవాట్లే. ఒక్కో చోట 125 సెకన్లు పట్టుకుంటే 3 జౌళ్ల శక్తి దిగుతుంది. 12 చోట్లకు 25 నిమిషాలు. రియోవాళ్ల డయోడ్ లేజర్ చదరపు సెంటీమీటరుకు 417 మిల్లీవాట్లు, మణిపాల్ దానికి 17 రెట్లు. 10 సెకన్లలోనే చదరపు సెంటీమీటరుకు 4.2 జౌళ్లు. ఒకరు సన్నటి ధార చాలాసేపు వదిలారు, ఇంకొకరు బలమైన ధార కొద్దిసేపు వదిలారు. చివరికి చేరిన మోతాదులు ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. రెండు చోట్లా మేలు కనబడింది. మణిపాల్‌లో తీవ్రమైన పుండ్లు, నొప్పి, మింగలేకపోవడం, మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గాయి. అలాగని ఎంత బలంతో ఎంతసేపైనా లెక్క సరిపెట్టుకోవచ్చని కాదు. బలాన్ని పెంచి సమయాన్ని సెకనుకు కుదిస్తే అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు అందుకే ‘లేజర్ పెట్టండి’ అని ఊరుకోకుండా, ఫలానా తరంగదైర్ఘ్యం, ఫలానా బలం, ఇన్ని సెకన్లు, ఇన్ని చోట్లు అని పట్టిక వేసి, అందులో ఒక వరుసను ఎంచుకుని దానికే కట్టుబడమంటాయి. వంటకం నచ్చిందని దినుసులు కలగలపడానికి వీల్లేదు.

పట్టికలో ఉన్నదంతా చేతిలోకి రావాలి. ప్రోబ్‌ను పొరకు నిటారుగా ఆనించాలి; వాలిస్తే వెలుగు కొంత తిరిగిపోతుంది, చుక్క కోడిగుడ్డు ఆకారానికి సాగి లెక్క పలచబడుతుంది. పుండు లేనప్పుడు కాస్త ఒత్తి పట్టుకుంటే ఆ చోట రక్తం పక్కకు తొలగి వెలుగు ఇంకా లోతుకు దిగుతుంది. పుండు పడ్డాక ఒత్తితే రోగి ప్రాణం పోయినంత పనవుతుంది, అందుకని తాకీ తాకనట్టు పట్టుకోవాలి. లాలాజలం తుడవాలి. కొసకు పారదర్శకమైన ప్లాస్టిక్ తొడగాలి, రోగికో తొడుగు. ఇద్దరూ ఆ రంగుకు సరిపోయే అద్దాలు పెట్టుకోవాలి, ఎందుకంటే చర్మాన్ని ఏమీ చేయని ఈ వెలుగు కంటి రెటీనాను మాత్రం దెబ్బతీయగలదు. మెత్తని అంగిలి దగ్గరికి పోతే డోకు వస్తుంది, దాన్ని తప్పించే కోణం వెతుక్కోవాలి. మన దేశంలో ఇంకో చిక్కుంది. గుట్కా, వక్క నమిలి నమిలి బుగ్గల లోపలి పొర తాడులా బిగుసుకుపోయినవాళ్లు ఎందరో. రెండు వేళ్లు దూరనంత నోట్లో ప్రోబ్‌ను నిటారుగా నిలబెట్టడం ఎలాంటి పరీక్షో పుస్తకాల్లో కనిపించదు. అలాంటి నోళ్లతో నిత్యం తలపడే చేతుల నైపుణ్యానికి అచ్చులో గుర్తింపు తక్కువ.

మణిపాల్ పరీక్షలో నాకు ముచ్చటేసిన సంగతి, దాన్ని భుజాన వేసుకున్నది ఫిజియోథెరపీ విభాగం వాళ్లు కావడం. మోకాళ్ల నొప్పులకు, భుజాలకు ఈ చిన్న లేజర్‌ను వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు. కేన్సర్ వార్డుకు ఆ పనిముట్టును, ఆ ఓపికను వాళ్లు పట్టుకెళ్లారు. పరీక్ష కట్టుదిట్టంగా జరపడానికి వెలుగు స్వభావమే సాయపడింది: తగిలినట్టు తెలియదు కాబట్టి, కళ్లద్దాలు పెట్టుకున్న రోగికి తనకు అందింది అసలుదో ఉత్తుత్తిదో చెప్పడం కష్టం.

వీళ్లకు ముందు దారి వేసింది ఫ్రాన్స్. నీస్ నగరంలో రెనె-జాన్ బెన్సదూన్ బృందం, మరో రెండు కేంద్రాలతో కలిసి, 1994 నుంచి 1998 దాకా 30 మంది మీద జరిపిన పరీక్షను 1999లో ప్రకటించింది. రోగులు ముప్ఫై మందే కావడం వల్ల ప్రపంచం వెంటనే కదల్లేదు. నోటిపూత మీద మార్గదర్శకాలు రాసే ఎం.ఎ.ఎస్.సి.సి., ఐ.ఎస్.ఒ.ఒ. సంఘాలు 2014లో ఎముక మజ్జ మార్పిడి రోగులకు గట్టిగా, తల, మెడ రేడియేషన్ రోగులకు మెత్తగా దీన్ని సూచించాయి. 2020కి వచ్చేసరికి రేడియేషన్ ఒక్కటే తీసుకునేవాళ్లకూ, కీమోతో కలిపి తీసుకునేవాళ్లకూ కూడా సిఫారసు చేశాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లోనే పచ్చజెండా ఊపింది.

ఇక కణితి దగ్గరికి ప్రోబ్ పోకూడదన్న మాట. మంచి కణానికి ఊపిరి పోసే వెలుగు కేన్సర్ కణానికి మాత్రం పోయదా? అడగాల్సిన ప్రశ్నే. గాజుపలకల్లో పెంచిన కేన్సర్ కణాల మీద ఫలితాలు రెండు వైపులా వచ్చాయి. రియో బృందం తమ రోగులను ఏళ్లపాటు వెంబడించి చూసింది. వెలుగు అందినవాళ్లు నష్టపోలేదు, వాళ్లలో వ్యాధి అదుపు ఇంకాస్త మెరుగ్గానే ఉందని 2017లో రాసింది. చికిత్స మధ్యలో ఆగకుండా పూర్తికావడం అందుకు కారణం కావచ్చు. వంద మందికి లోపున్న పరీక్షతో అంత పెద్ద మాట అనేయడం నాకు తొందరపాటనిపిస్తుంది. 2020 మార్గదర్శకాలు సిఫారసు చేస్తూనే, లాభంతో పాటు ఈ సందేహాన్ని కూడా రోగికి చెప్పమన్నాయి. పనిలో ఉన్న నిజాయితీకి ఆ వాక్యం ఆనవాలు.

కష్టమంతా సమయం దగ్గరుంది. రోగికి 12 నిమిషాలంటే 20 మందికి 4 గంటలు. మణిపాల్ పద్ధతిలో 8 గంటలు దాటుతుంది. ఒక మనిషి దినమంతా దీనికే సరి. ఈ చిక్కు తీర్చడానికి బుగ్గ బయటినుంచే వెలుగు పంపే ఎల్‌ఈడీ పలకలు వచ్చాయి. దీనికీ ఒక విచిత్రమైన మూలం ఉంది: అంతరిక్ష నౌకల్లో మొక్కలు పెంచడానికి నాసా కోసం తయారైన ఎల్‌ఈడీలను, విస్కాన్సిన్ వైద్య కళాశాలలో హారీ వీలన్ బృందం మజ్జ మార్పిడి జరిగిన పిల్లల బుగ్గల మీద పెట్టి చూసింది. బయటినుంచి అయితే డోకు రాదు, నోరు తెరవలేనివాళ్లకు కూడా పెట్టవచ్చు. కానీ చర్మం, కొవ్వు, కండరం దాటి ఎంత లోపలికి చేరిందో లెక్క తప్పుతుంది; నాలుక అడుగుకు చేరడం మరీ కష్టం. 2020 సిఫారసు నోటి లోపలి పద్ధతికే పరిమితం.

అందుకని ప్రస్తుతానికి ఇది చేత్తో చేయాల్సిన పనే. దీన్ని చేసే ఆస్పత్రుల్లోనూ పుక్కిలించడానికి ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు, పళ్ల శుభ్రత, నొప్పి మందులు ఎప్పటిలాగే ఉంటాయి. వెలుగు వాటికి తోడు. దీన్ని కోరుకునే కుటుంబం అడగాల్సిన వేళ, కరెంటు పెట్టడం కోసం ముఖానికి ప్లాస్టిక్ మాస్కు అచ్చు తీసే రోజు, పళ్లు చూపించుకునే రోజు. మూడో వారంలో జావ దిగడం ఆగాక అడిగితే అప్పటికీ నొప్పి తగ్గించడానికి కొంత ఉపయోగపడుతుంది గాని, ఆ 72 చుక్కల అసలు పని జరగాల్సిన రోజులు దాటిపోయి ఉంటాయి.